అయిదు పుస్తకాల నియమం

నాలుగేళ్ళ కిందటి మాట. జనవరి నెల. మా అమ్మాయి అప్పుడు నాలుగో తరగతి చదువుతోంది. ఓ సాయంత్రం బడి నుంచి వస్తూనే బ్యాగు సోఫాలో పడేసి, "ఇవాళ నేను ఓటేశాను నాన్నా!" అంది. దేనికని అడిగితే పుస్తకానికి అంది.

టెక్సస్‌లో ఉండేవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఇక్కడి బళ్ళలో పిల్లలు ఏటా జనవరిలో తమకి నచ్చిన పుస్తకానికి ఓటు వేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చిన పుస్తకానికి బ్లూబానెట్ అవార్డు ఇస్తారు. మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా చదివే పిల్లల కోసం 20 పుస్తకాల జాబితా ముందుగానే ప్రకటిస్తారు. అందులో కనీసం అయిదు పుస్తకాలు చదివితేనే ఓటు. ఎవరైనా చదివి వినిపిస్తే విన్నా సరే, చదివినట్టే లెక్క. మా అమ్మాయి ఏడు చదివింది. ఆ సంగతి రెండు మూడు సార్లు గుర్తు చేసింది కూడా.

సరిగ్గా ఆ వారంలోనే మా ఊళ్ళో సంక్రాంతి సంబరాలు. అందులో భాగంగా పిల్లల కోసం పెద్దవాళ్ళు రాసిన కథల పోటీ పెట్టారు. న్యాయనిర్ణేతలు నలుగురు. అందరం నలభై దాటినవాళ్ళమే, అందరం కంప్యూటర్ల ముందు కూచుని బతికేవాళ్ళమే. వాళ్ళలో నేనొకణ్ణి. వచ్చిన పద్నాలుగు కథల్లోంచి ఎడ్లబండీ, చింతచెట్టూ, నీతులు చెప్పే తాతయ్యా ఉన్న కథకి మొదటి బహుమతి ఇచ్చాం. చదువుతూంటే మాకు కళ్ళు చెమర్చాయి మరి.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "నువ్వు ఈ ఏడాది తెలుగులో పిల్లల పుస్తకాలు ఎన్ని చదివావు?"

ఈ ఏడాది సంగతి అటుంచండి, చందమామ వదిలిపెట్టిన దగ్గర్నుంచి నేను తెలుగులో పిల్లల పుస్తకం ఒక్కటి కూడా చదవలేదు. ఆ మాటే చెప్పాను.

"మరి నీకు ఓటెలా ఇచ్చారు?" అంది.

సమాధానం తోచలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అసలు పిల్లల పుస్తకాల బాగోగులు తేల్చవలసింది ఎవరు? పెద్దలా, పిల్లలా? పెద్దలైతే ఏ పెద్దలు? మనం వచ్చి చేరిన ఈ దేశంలో ఈ తగవు వందేళ్ళకి పైబడి నడుస్తోంది. తీరిక చిక్కినప్పుడల్లా ఆ చరిత్ర తిరగేస్తూ వచ్చాను. అందులో మనకి పనికొచ్చే సంగతులు చాలానే కనిపించాయి.

పుస్తకంతో పాటు బంతి

కథ మొదలయ్యేది అమెరికాలో కాదు, లండన్‌లో. 18వ శతాబ్దంలో అక్కడ జాన్ న్యూబరీ అని ఒక పుస్తకాల వ్యాపారి ఉండేవాడు. 1744లో ఆయన 'ఎ లిటిల్ ప్రెట్టీ పాకెట్ బుక్' అనే చిన్న పుస్తకం వేశాడు. వెల ఆరు పెన్నీలు. ఇంకో రెండు పెన్నీలు ఇస్తే మగపిల్లలకి బంతి, ఆడపిల్లలకి గుండుసూదులు గుచ్చుకునే దిండు దాంతో పాటు వచ్చేవి. బంతికైనా దిండుకైనా ఒక వైపు ఎరుపు, ఒక వైపు నలుపు. మంచి పని చేస్తే ఒక వైపు సూది గుచ్చాలి, చెడ్డ పని చేస్తే రెండో వైపు. పిల్లలకి పుస్తకమంటే సుద్దులూ శిక్షా మాత్రమే అయిన కాలంలో, వాళ్ళకి సరదా కూడా కావాలని గుర్తించిన వ్యాపారి ఆయన.

అలాగని పరమ సాధువేమీ కాదు. డాక్టర్ జేమ్స్ జ్వరం పొడి అనే మందు కూడా ఆయన కొట్లో అమ్మేవాడు. 1765లో ఆయన ప్రచురించిన 'గుడీ టూ షూస్' కథలో నాయిక తండ్రి జబ్బుచేసి చనిపోతాడు. ఎందుకయ్యా అంటే, ఆ చోట డాక్టర్ జేమ్స్ పొడి దొరకలేదట! సినిమాల్లో శీతలపానీయం సీసా కనిపించేలా పెట్టడం మన కాలపు తెలివి అనుకునేవాణ్ణి.

పిల్లల పుస్తకాల సంగతిలో ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. చదివేది పిల్లలు, కొనేది పెద్దలు. డబ్బు పెద్దల చేతుల్లో ఉన్నప్పుడు తీర్పు కూడా వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. అది మంచికా, చెడ్డకా అన్నదే తగవు.

212 ఓట్లు

ఫ్రెడరిక్ మెల్చర్ అమెరికాలో పుస్తక వ్యాపారుల పత్రిక 'పబ్లిషర్స్ వీక్లీ' సంపాదకుడు. 1921 జూన్‌లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ సభ మాసచూసెట్స్‌లోని స్వాంప్‌స్కాట్‌లో జరిగింది. పిల్లల విభాగాల్లో పనిచేసే లైబ్రేరియన్ల ముందు ఆయన ఒక ప్రతిపాదన పెట్టాడు. ఏటా పిల్లల కోసం వచ్చిన పుస్తకాల్లో అన్నిటికన్నా మంచి పుస్తకానికి ఒక పతకం ఇద్దాం, దానికి న్యూబరీ పేరు పెడదాం, ఎంపిక మాత్రం మీరే చెయ్యాలి అన్నాడు. వ్యాపారి పేరు మీద పతకం, వ్యాపార పత్రిక సంపాదకుడి ఆలోచన. తీర్పు చెప్పే అధికారం మాత్రం వ్యాపారంతో సంబంధం లేనివాళ్ళకి. ఆ ఏర్పాటులోనే ఆయన వివేకం ఉంది.

మొదటి ఏడు, అంటే 1922లో, ఎంపిక బహిరంగ ఓటింగు ద్వారా జరిగింది. పిల్లల లైబ్రేరియన్లు వేసిన ఓట్లు మొత్తం 212. అందులో 163 'ద స్టోరీ ఆఫ్ మాన్‌కైండ్' అనే పుస్తకానికి పడ్డాయి. రెండో స్థానంలో ఉన్న పుస్తకానికి వచ్చినవి 22. గెలిచిన రచయిత హెండ్రిక్ విలెం వాన్ లూన్. హాలండ్‌లోని రాటర్‌డామ్‌లో పుట్టి, ఇరవయ్యేళ్ళ వయసులో ఈ దేశం వచ్చినవాడు. మరుసటి ఏడు 'డాక్టర్ డూలిటిల్' రెండో పుస్తకానికి పతకం అందుకున్న హ్యూ లాఫ్టింగ్ ఇంగ్లాండు నుంచి వచ్చి స్థిరపడినవాడు. అమెరికన్ బాలసాహిత్యానికి గొప్ప పతకం అని చెప్పుకునే న్యూబరీ మొదటి రెండు సార్లూ వలస వచ్చినవాళ్ళ చేతికే వెళ్ళింది.

1924 నుంచి బహిరంగ ఓటింగు ఆపేసి, ప్రత్యేకంగా సంఘాన్ని వేసే పద్ధతి తెచ్చారు. దరిమిలా ఆ పద్ధతి చిలవలు పలవలు వేసి ఇప్పటి రూపానికి వచ్చింది. సంఘంలో 15 మంది సభ్యులు. ఏడాదంతా వందల పుస్తకాలు చదువుతారు. చివరి సమావేశంలో ఒక్కొక్కరూ మూడేసి పుస్తకాలకి ఓటు వేస్తారు. మొదటి ఓటుకి 4 పాయింట్లు, రెండో దానికి 3, మూడో దానికి 2. గెలవాలంటే కనీసం 8 మంది ఆ పుస్తకాన్ని మొదటి స్థానంలో పెట్టాలి. అంతే కాదు, దాని తరవాతి పుస్తకం కన్నా 8 పాయింట్లు ఎక్కువ ఉండాలి. లేకపోతే మళ్ళీ చర్చ, మళ్ళీ ఓటు. లోపల ఎవరేం మాట్లాడారో బయటికి పొక్కదు.

వృత్తిరీత్యా ఇలాంటి లెక్కలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. కొద్దిమందికి విపరీతంగా నచ్చి తక్కినవాళ్ళెవరికీ పట్టని పుస్తకం ఇందులో గెలవలేదు. అందరూ ఫరవాలేదని మూడో స్థానంలో పెట్టిన పుస్తకమూ గెలవలేదు. ఇంత పకడ్బందీ పద్ధతి కూడా లోపల కూచున్నవాళ్ళని బట్టే పనిచేస్తుంది. ప్రోగ్రాము ఎంత చక్కగా రాసినా, అందించిన వివరాల్లోనే లోటుంటే ఫలితంలోనూ లోటే కదా.

కలకత్తా పావురం

మన పాఠకులకి తప్పక చెప్పవలసిన ఏడు ఒకటుంది, 1928. ఆ ఏడు న్యూబరీ పతకం ధన్ గోపాల్ ముఖర్జీ రాసిన 'గే-నెక్' పుస్తకానికి వచ్చింది. కలకత్తాలో ఒక కుర్రవాడు పెంచుకునే పావురం కథ అది. దాని అసలు పేరు చిత్రగ్రీవ. హిమాలయాల దాకా ఎగిరి, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి వార్తలు మోసి, ఆ భయం మనసులో పట్టుకుని తిరిగొస్తుంది. యుద్ధం మనసుకి చేసే గాయం గురించి పిల్లలకి పావురం చేత చెప్పించాడాయన.

1890లో పుట్టిన ముఖర్జీ, జపాన్ మీదుగా 1910లో శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు. పొలాల్లో కూలి పని చేస్తూ బర్కిలీలోనూ, స్టాన్‌ఫర్డ్‌లోనూ చదువుకున్నాడు. న్యూబరీ పతకం అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

ఆ కాలపు చట్టం ఎలా ఉండేదో కూడా చూడాలి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు ఈ దేశ పౌరులు కావడానికి అర్హులు కారని సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా, అంటే 23 ఏళ్ళ పాటు, అదే పరిస్థితి. అటువంటి రోజుల్లో పిల్లల లైబ్రేరియన్లు ఒక బెంగాలీ రాసిన కలకత్తా కథని ఆ ఏటి మేటి పుస్తకంగా ఎంచారు. న్యూబరీ నియమాల ప్రకారం రచయిత ఈ దేశ పౌరుడు కాకపోయినా, ఇక్కడ నివాసముంటే చాలు. కోర్టు మూసిన తలుపుని పతకం నియమావళిలోని ఒక్క మాట కాస్త తెరిచి ఉంచింది. ముఖర్జీ 1936లో, నలభై ఆరేళ్ళకే, న్యూయార్క్‌లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే మన కుర్రాళ్ళకి ఆయన పేరు తెలియాలని నాకనిపిస్తుంది.

ఒకావిడ అభిరుచి

చదివి తీర్పు చెప్పేవాళ్ళు ఉండడం ఎంత మేలో, ఆ అధికారం ఒకే అభిరుచికి కట్టుబడితే అంత ప్రమాదం. ఆన్ కారల్ మూర్ 1906 నుంచి 1941 దాకా న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగానికి అధిపతి. పిల్లల్ని లైబ్రరీల్లోకి రానివ్వడమే గగనమైన కాలంలో వాళ్ళకోసం ప్రత్యేకంగా గదులు, వాళ్ళ ఎత్తుకి సరిపోయే కుర్చీలు, కథాకాలక్షేపాలు ఏర్పాటు చేసిన మహానుభావురాలు. పిల్లల పుస్తకాల మీద ఆవిడ మాట వేదవాక్కు.

ఆవిడకి ఇ. బి. వైట్ రాసిన 'స్టూవర్ట్ లిటిల్' నచ్చలేదు. మనిషికి ఎలుక రూపంలో పిల్లవాడు పుట్టడమేమిటి, ఈ పుస్తకం అచ్చు వెయ్యకండి అని రచయిత ఇంటికి పొడుగాటి ఉత్తరం రాసింది. 1945లో పుస్తకం రానే వచ్చింది, పిల్లలు చదవనే చదివారు. 1947లో మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాసిన 'గుడ్‌నైట్ మూన్' వచ్చేనాటికి మూర్ పదవిలో లేదు, ఆవిడ మాట చెల్లుబాటు మాత్రం అలాగే ఉంది. ఆ పుస్తకం న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ అలమరల్లోకి చేరింది 1972లో. ఈ దేశంలో పిల్లల్ని పెంచినవాళ్ళలో రాత్రిళ్ళు ఆ పుస్తకం చదివి జోకొట్టని వాళ్ళు అరుదు. దానికి లైబ్రరీ తలుపు తెరుచుకోవడానికి పాతికేళ్ళు పట్టింది. 2020లో, తన చరిత్రలో పాఠకులు ఎక్కువసార్లు తీసుకెళ్ళిన పది పుస్తకాల పట్టిక ప్రకటిస్తూ, 'గుడ్‌నైట్ మూన్' అందులో లేకపోవడానికి ఇదే కారణమని ఆ లైబ్రరీయే ఒప్పుకుంది.

ఇ. బి. వైట్ తరవాతి పుస్తకం 'షార్లెట్స్ వెబ్'కి కూడా న్యూబరీ పతకం రాలేదు. 1953లో దానికి దక్కింది హానర్ అనే రెండో వరస గుర్తింపు. పతకం పెరూ కొండల్లో లామాల్ని మేపే కుర్రవాడి కథ 'సీక్రెట్ ఆఫ్ ది ఆండీస్'కి వెళ్ళింది. సాలీడూ పందిపిల్లా స్నేహం కథ తెలియని అమెరికన్ పిల్లవాడు అరుదు. ఆ లామాల కథ తెలిసినవాళ్ళని మాత్రం వెతుక్కోవాలి. అయినా సంఘం పొరపాటు చేసిందని నేననను. ఒక ఏడాది పుస్తకాల్ని ఆ ఏడాదే కూచుని తూచడం కష్టం.

బల్ల మీద లేని పుస్తకాలు

పొరపాటు తీర్పు కన్నా పెద్ద లోపం ఇంకోటి ఉంది. తూకానికే రాని పుస్తకాల సంగతి అది.

1965 సెప్టెంబరులో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త 'సాటర్‌డే రివ్యూ' పత్రికలో ఒక వ్యాసం రాసింది. 1962, 63, 64 సంవత్సరాల్లో ప్రచురణకర్తలు వేసిన 5,206 పిల్లల పుస్తకాలు లెక్క చూస్తే, మాటల్లో గాని బొమ్మల్లో గాని ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించినవి 349. అంటే నూటికి ఏడు కూడా లేవు. ఆవిడని ఈ లెక్కకి పురికొల్పింది ఒక అయిదేళ్ళ నల్లపిల్ల. పుస్తకం చూస్తూ, ఇందులో ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని అడిగిందట. పిల్లలు అడిగే ప్రశ్నలు అలాగే ఉంటాయి, నాకు బాగా తెలుసు.

నాలుగేళ్ళ తరవాత, 1969లో, అట్లాంటిక్ సిటీలో లైబ్రరీ అసోసియేషన్ సభ జరిగింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి ఏడాది దాటింది. ఒక స్టాలు దగ్గర కింగ్ బొమ్మ ఉన్న పోస్టరు కోసం ఇద్దరు లైబ్రేరియన్లు, మేబెల్ మెకిసిక్, గ్లిండన్ గ్రీర్, పోటీ పడ్డారు. మాటల్లో ఇంకో సంగతి వచ్చింది. న్యూబరీ గాని, బొమ్మల పుస్తకాలకి 1938 నుంచి ఇస్తున్న కాల్డికాట్ గాని, అప్పటిదాకా ఒక్క నల్లజాతి రచయితకీ చిత్రకారుడికీ రాలేదు. ఆ స్టాలు నడుపుతున్న ప్రచురణకర్త జాన్ కారల్, అయితే మీరే ఒక అవార్డు ఎందుకు మొదలుపెట్టకూడదన్నాడు. అలా పుట్టింది కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డు. 1970లో మొదటి సారి ఇచ్చారు. అసోసియేషన్ దాన్ని అధికారికంగా గుర్తించడానికి 1982 దాకా పట్టింది. ఈలోగా 1975లో వర్జీనియా హామిల్టన్ 'ఎం. సి. హిగ్గిన్స్ ద గ్రేట్' నవలకి న్యూబరీ అందుకుంది. నల్లజాతివారిలో ఆ పతకం మొదట దక్కింది ఆవిడకే. పతకం పుట్టిన 53 ఏళ్ళకి.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసిన సంఘటన 1985 నాటిది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బాలసాహిత్య కేంద్రం నడిపే జినీ మూర్ క్రూస్ ఆ ఏడు కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డు సంఘంలో కూచుంది. పరిశీలించవలసిన పుస్తకాలన్నీ పోగు చేస్తే, దేశంలో ఆ ఏడు వచ్చిన సుమారు 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి వాళ్ళు రాసినవీ, బొమ్మలు వేసినవీ 18 తేలాయి. అంతే. అప్పట్నుంచి ఆ కేంద్రం ఏటా ఈ లెక్క కట్టి ప్రకటించడం మొదలుపెట్టింది. 2013లో వాళ్ళకి అందిన సుమారు 3,200 పుస్తకాల్లో నల్లజాతి మనుషుల గురించినవి 93. మరుసటి ఏడు రచయిత వాల్టర్ డీన్ మయర్స్ 'న్యూయార్క్ టైమ్స్'లో ఆ అంకె ముందు పెట్టుకుని అడిగిన ప్రశ్న పెద్ద కదలిక తెచ్చింది.

న్యాయనిర్ణేతగా కూచోవడం వల్ల కలిగే లాభం ఇదన్నమాట. తనకి నచ్చింది మాత్రమే చదివేవాడికి లేనిదేమిటో తెలియదు. వచ్చినవన్నీ ముందేసుకుని చదవవలసి వచ్చినవాడికే, బల్ల మీద ఏం లేదో కనిపిస్తుంది.

పిల్లల చేతికి ఓటు

పిల్లల్నే అడిగితే పోలా అన్న ఆలోచన కూడా కొత్తదేమీ కాదు. 1940లోనే సియాటిల్ పుస్తకాల వ్యాపారి హ్యారీ హార్ట్‌మన్ చొరవతో వాయవ్య రాష్ట్రాల పిల్లలు ఓటు వేసే అవార్డు మొదలైంది. కాన్సస్, వెర్మాంట్ వంటి రాష్ట్రాలు 1950లలో అదే దారి పట్టాయి. టెక్సస్ బ్లూబానెట్ 1979లో ఏర్పడి, 1981లో మొదటి అవార్డు ఇచ్చింది.

ఆ మొదటి అవార్డు బెవర్లీ క్లియరీ రాసిన 'రమోనా అండ్ హర్ ఫాదర్'కి వచ్చింది. తండ్రి ఉద్యోగం పోయిన ఇంట్లో ఒక చిన్నపిల్ల పడే తాపత్రయం ఆ కథ. ఉద్యోగాలు ఊడే పరిశ్రమలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ వయసులో చదివినా నాకది పిల్లల కథలా అనిపించలేదు. చిత్రమేమిటంటే, అదే పుస్తకానికి 1978లో న్యూబరీ హానర్ కూడా వచ్చింది. పెద్దల తీర్పూ, పిల్లల తీర్పూ ఎప్పుడూ ఉత్తర దక్షిణ ధ్రువాలు కావని ఇదొక రుజువు. క్లియరీ కూడా రచయిత్రి కాకముందు యాకిమా అనే ఊళ్ళో పిల్లల లైబ్రేరియనే. మాలాంటి పిల్లల కథలు ఏవి అని కుర్రాళ్ళు అడిగితే, ఇవ్వడానికి పుస్తకాలు లేక, తనే రాయడం మొదలుపెట్టింది.

టీనేజి పిల్లల పుస్తకాలకి ప్రింట్జ్ అవార్డు 2000లో వచ్చింది. మొదటిది పైన చెప్పిన వాల్టర్ డీన్ మయర్స్ నవల 'మాన్‌స్టర్'కి. 2007లో అదే అవార్డు బొమ్మల నవల 'అమెరికన్ బార్న్ చైనీస్'కి ఇచ్చారు. బొమ్మల నవలకి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. రచయిత జీన్ లుయెన్ యాంగ్ అప్పట్లో హైస్కూలు పిల్లలకి కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పేవాడు. మన వృత్తి నుంచి కూడా ఇలాంటివాళ్ళు వస్తారని తెలిస్తే కాస్త ధైర్యం.

కాకరకాయా, జిలేబీ

2000ల మధ్యకి వచ్చేసరికి తగవు మళ్ళీ ముదిరింది. ఒక పక్క న్యూబరీ గ్రహీతలు మరీ బరువైపోతున్నారనీ, పిల్లలు చదవడం లేదనీ ఫిర్యాదు. 2008 అక్టోబరులో అనీటా సిల్వీ 'స్కూల్ లైబ్రరీ జర్నల్'లో న్యూబరీ దారి తప్పిందా అని అడిగేదాకా వెళ్ళింది. ఇంకో పక్క 2005లో క్విల్ అవార్డులు అని వచ్చాయి. వాటిలో జనం ఓట్లతోనే గెలుపు. ఏ పుస్తకాలు బాగా అమ్ముడుపోయాయో వాటికే బహుమతి ఇచ్చినట్టుంటుందని విమర్శ వచ్చింది. మూడేళ్ళ ముచ్చటగా 2008లో ఆగిపోయాయి.

ఒకటి కాకరకాయ కూర, ఇంకోటి జిలేబీ. ఒంటికి మంచిదొకటి, నాలుకకి మంచిదొకటి.

ఈ రెండింటికీ నడుమ దారి వెతికినవాళ్ళు బ్లాగర్లు. 2006లో ఆన్ బోల్స్ లెవీ, కెల్లీ హెరల్డ్ అనే ఇద్దరు సిబిల్స్ అవార్డులు మొదలుపెట్టారు. అందులో న్యాయనిర్ణేతలు పిల్లల పుస్తకాలు చదివి వాటి గురించి తమ బ్లాగుల్లో రాసే అమ్మలు, నాన్నలు, టీచర్లు, లైబ్రేరియన్లు, రచయితలు. ఎవరికీ జీతం లేదు. వాళ్ళు పెట్టుకున్న కొలతలు రెండు. రచన బాగుండాలి, పిల్లలకీ నచ్చాలి. ఈ రెండూ ఉంటేనే బహుమతి.

పద్ధతి కూడా ముచ్చటైనదే. అక్టోబరులో ఎవరైనా ఒక్కో విభాగానికి ఒక్కో పుస్తకం ప్రతిపాదించే వీలుండేది. మొదటి జట్టు ఆ ప్రతిపాదనల్ని వడగట్టి ఏ అయిదో ఏడో పుస్తకాలు ఏరి, జనవరి 1న ప్రకటించేది. రెండో జట్టు ఆ కొద్దిటినీ చదివి, చర్చించి, ఫిబ్రవరి 14న విజేతని తేల్చేది. జల్లెడ పట్టేవాళ్ళు వేరు, ఎంచేవాళ్ళు వేరు. మా వృత్తిలో ప్రోగ్రాము రాసినవాడి చేత పరీక్ష చేయించకూడదని ఒక నియమం ఉంది. తప్పులు సొంత కంటికి కనబడవు. ఇక్కడా దాదాపు అలాంటి జాగ్రత్తే.

వీళ్ళ చేతిలో పదవి లేదు, పతకం వెనక వందేళ్ళ పేరు లేదు. ఉన్నదల్లా చదివిన పుస్తకాల లెక్క. 1922లో 212 మంది లైబ్రేరియన్లకి ఓటు ఇచ్చినదీ ఆ లెక్కే. టెక్సస్ నాలుగో తరగతి పిల్లని అయిదు పుస్తకాలు చదవమన్నదీ ఆ లెక్కే. ఈ నూరేళ్ళలో న్యాయనిర్ణేతలు మారారు, బల్లలు మారాయి. చదివినవాడికే మాట అన్న నియమం మారలేదు. చదివేవాళ్ళు పెరిగిన కొద్దీ బల్ల మీదకి కొత్త పుస్తకాలు వచ్చాయి. దేశ విభజన నాటి పిల్ల కథ చెప్పిన వీరా హీరానందానీ 'ద నైట్ డైరీ'కి 2019లో, అమెరికాలో పెరిగే భారతీయుల అమ్మాయి కథ చెప్పిన రజనీ లరోకా 'రెడ్, వైట్ అండ్ హోల్'కి 2022లో న్యూబరీ హానర్లు దక్కాయి. కలకత్తా పావురం ఎగిరిన తొంభై ఏళ్ళకి.

మన సంగతి

ఇంగ్లీషులో మన పిల్లలకి అద్దం దొరుకుతోంది, సంతోషమే. మరి తెలుగులో?

తెలుగులో పిల్లల కోసం రాసేవాళ్ళు లేకపోలేదు. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010లో బాలసాహిత్య పురస్కారాలు మొదలుపెట్టింది. ఆ మొదటి ఏడు తెలుగులో కలువకొలను సదానంద 'అడవితల్లి' నవలకి వచ్చింది. మంచి పుస్తకం సంస్థ హైదరాబాదు నుంచి చక్కటి పుస్తకాలు తెస్తోంది, తానా వాళ్ళతో చేయి కలిపి కూడా తెచ్చింది. మనకి కొరత ఉన్నది చదివి, ఇది బాగుంది, ఇది బాగులేదు అని చెప్పే పిల్లలకి. వాళ్ళు ఏమంటారో తెలియకుండా, మా నలుగురిలా, మన బాల్యం మీది బెంగకే బహుమతులు ఇచ్చుకుంటాం. తాతయ్య కథకి మేమిచ్చిన బహుమతి ఆ కథకి కాదు, మా ఊళ్ళో చింతచెట్టుకి.

మన పిల్లలకి తెలుగు చదవడం రాదు కదా, వాళ్ళేం తీర్పు చెబుతారు అని మీరనవచ్చు. నేనూ అదే అన్నాను. మా అమ్మాయే గుర్తు చేసింది, విన్నా చదివినట్టే లెక్కని. మన పిల్లల్లో చాలామందికి అక్షరాలు రావు గాని అమ్మమ్మ ఫోనులో మాట్లాడితే అర్థమవుతుంది. అయిదు పుస్తకాలు చదివి వినిపిస్తే వాళ్ళకి ఓటు వస్తుంది. వినిపించాలంటే మనం చదవాలి. ఒక్క నియమంతో రెండు తరాలూ బల్ల దగ్గరికి వస్తాయి.

మూడేళ్ళ కిందట మా ఊరి తెలుగు బడిలో అలా చేసి చూశాం. ఇండియా నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో తెప్పించిన పన్నెండు పుస్తకాలు జాబితాలో పెట్టాం. అయిదు విన్నవాళ్ళకే ఓటు. మొదటి ఏడు ఓటు హక్కు సంపాదించుకున్నవాళ్ళు పదకొండుగురు. కొందరు రెండు విని మానేశారు. ఒక కుర్రాడు పుస్తకం బాగుంది గాని నాన్న చదివే తీరు బాగులేదన్నాడు. నేను తప్పకుండా గెలుస్తుందనుకున్న పుస్తకానికి ఒక్క ఓటే పడింది. ఎందుకు నచ్చలేదని అడిగితే ఒక పిల్ల, "అందులో అందరూ చివరికి మంచివాళ్ళైపోతారు అంకుల్" అంది. నలుగురు పెద్దలం పద్నాలుగు కథలు చదివి చెప్పలేని మాట అది.

వచ్చే సంక్రాంతికి మళ్ళీ జాబితా తయారు చెయ్యాలి. ఈసారి ఏ పుస్తకాలు పెట్టాలో ముందుగా మా అమ్మాయితో కూచుని చర్చించాలన్నది ఇంట్లో కుదిరిన ఒప్పందం. నేను ఇప్పటికి మూడు చదివాను. ఇంకో రెండు చదివితే గాని నాకు ఓటు లేదు.